అమ్మ మరుపు పెద్దతనమా, డిమెన్షియా మొదలా: ఇంట్లో ఏం చూడాలి, డాక్టరుకు ఏం చెప్పాలి

మీరు అడిగింది ఇదీ. అమ్మగారికి 72 ఏళ్లు, కావలిలో ఒక్కరే ఉంటున్నారు. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఫోన్లో పది నిమిషాల్లో ఒకే మాట మూడుసార్లు అడుగుతున్నారు. పులుసులో ఒకరోజు ఉప్పు మరిచారు, ఇంకోరోజు రెండుసార్లు వేశారు. గొలుసు పనామె తీసిందని గొడవ పెట్టుకున్నారు. బంధువులు "పెద్దతనం చాదస్తంలే" అంటున్నారు. బెంగళూరులో ఉన్న మీకు ఏది నమ్మాలో తెలియడం లేదు.

సూటిగా చెప్తాను. ఈ మూడూ కలిసి వచ్చాయంటే చాదస్తమని వదిలేయొద్దు. అలాగని డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) అని మీకు మీరే ముద్ర కూడా వేయొద్దు. నెల రోజుల లోపు డాక్టరుకు చూపించండి. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, నిద్రమాత్రలు ఎక్కువైనా, లోపల దిగులున్నా అచ్చం ఇలాగే ఉంటుంది. వీటిలో చాలావాటికి మందుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. అమ్మగారు మూడేళ్ల కిందట ఏ పని ఎలా చేసేవారు, ఇప్పుడు ఎలా చేస్తున్నారు అన్నది తేదీలతో రాయడం. స్కానింగు ఫిల్ము కంటే ఆ కాగితమే డాక్టరుకు ఎక్కువ చెప్తుంది.

ముందు మరుపు ఏ రకమో చూడండి. పెద్దతనం మరుపులో విషయం లోపలే ఉంటుంది, బయటికి రావడానికి టైము పడుతుంది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో కొత్త విషయాన్ని దాచుకునే చోటే, అంటే మెదడులోని హిప్పోకాంపస్ ప్రాంతమే, ముందుగా దెబ్బతింటుంది. అందుకని కొత్త విషయం లోపలికే వెళ్లదు. అందుకే 1977 ఉప్పెన రాత్రి ఎవరెవరు ఎక్కడ తలదాచుకున్నారో పూసగుచ్చినట్టు చెప్పే మనిషికి పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు. పాత సంగతులన్నీ చెప్తోంది కదా, జ్ఞాపకశక్తి బాగానే ఉందనుకుని ఏళ్ల తరబడి మోసపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి.

తేడా తెలుసుకోవడానికి చిన్న పద్ధతి. పోయిన వారం అమ్మగారు బుచ్చిరెడ్డిపాళెంలో ఒక పెళ్లికి వెళ్లొచ్చారనుకుందాం. "పెళ్లి ఎలా జరిగింది?" అని అడగండి. తెల్లమొహం వేస్తే ఒక ఆధారం ఇవ్వండి: "అదే, పెద్దమ్మ వాళ్ల మనవరాలిది". అప్పుడు "ఆఁ, ఎండకి అల్లాడిపోయినాం, కరెంటు కూడా పోయింది" అన్నారంటే విషయం లోపల ఉంది, భయం తక్కువ. "పెళ్లా? నేనెప్పుడు పోయినా?" అంటే అది అసలు నమోదే కాలేదు. ఇక్కడ అందరూ ఒక పొరపాటు చేస్తారు. "అవునవును, బాగా జరిగింది" అనే మాటను జ్ఞాపకం కింద లెక్కేస్తారు. అది మర్యాదకు అనే మాట. మీరు చెప్పని వివరం ఒక్కటైనా ఆమె నోటి నుంచి రావాలి. అప్పుడే గుర్తున్నట్టు.

ఈలోగా చెవులు కూడా చూపించండి. వినపడక అడిగేవాళ్లు వెంటనే "ఏందీ?" అంటారు. మరిచి అడిగేవాళ్లు మీ జవాబు విని, తల ఊపి, పది నిమిషాలకు మొదటిసారి అడుగుతున్నట్టు మళ్లీ అడుగుతారు. చెవిలో గుబిలి గట్టిపడి ఉన్నా, వినికిడి తగ్గినా మాట బుర్రకెక్కదు. వయసులో వచ్చే చెవుడును పట్టించుకోకపోతే డిమెన్షియా ముప్పు కూడా పెరుగుతుంది.

ఫోన్లో ఈ మరుపు పూర్తిగా దొరకదు. "తిన్నావా, పిల్లలు బడికి పోయినారా, వానలు పడినాయా" అనే మాటలు జీవితమంతా అలవాటైనవి. జబ్బు ముదిరినా అరగంట సాఫీగా నడుస్తాయి. "ఏం వండినావమ్మా?" అంటే "ఏదో ఒకటిలే నాయనా" అని దాటేస్తారు. వీడియో కాల్ అయినా అంతే. కనీసం నాలుగు రోజులు వెళ్లి ఉండండి. కొడుకు వచ్చిన మొదటి రోజు వాళ్లు ఒళ్లు కూడదీసుకుని బాగానే ఉంటారు. మూడో రోజుకు అసలు సంగతి కనిపిస్తుంది.

వెళ్లాక పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు వేయకండి, పనులు చూడండి. మొట్టమొదట వంటగది. ఉప్పు ఒకసారి తప్పడం పెద్ద విషయం కాదు. వయసుతో నాలుకకు రుచి తగ్గుతుంది, బీపీ కోసం ఉప్పు తగ్గించి ఉండొచ్చు. చూడాల్సింది పని వరస. చేపల పులుసుకు చింతపండు పిసికి, ఉప్పు కారం కలిపి, మరిగాక ముక్కలు వేసి, మామిడికాయ చివర్లో వేసి, గరిటె పెట్టకుండా దబర పట్టి తిప్పడం ఆమె చేతికి నలభై ఏళ్లుగా వచ్చిన విద్య. చేతి విద్య చాలాకాలం పోదు, వరస ముందు పోతుంది. చింతపండు రసం పోసి మళ్లీ పులుసు పిసకడం, ముక్కలు వేశాక "ఇప్పుడేం వెయ్యాల?" అన్నట్టు పొయ్యి ముందు నిలబడిపోవడం, నాలుగు రకాలు వండే మనిషి రోజూ పప్పుచారే పెట్టడం లాంటివి రాసుకోండి. ఒక్క కూర అలవాటు మీద అయిపోతుంది. రెండు పొయ్యిల మీద రెండు వంటలు నడుస్తుండగా ఎవరైనా వచ్చి పలకరిస్తే ఏమవుతుందో చూడండి. ఫ్రిజ్‌లో విరిగిన పాల ప్యాకెట్లు, అలమరలో ఐదు కందిపప్పు ప్యాకెట్లు ఉన్నాయేమో చూడండి. వాసన తెలియకపోవడం కూడా అల్జీమర్స్, పార్కిన్‌సన్స్ రెండింటిలోనూ తొందరగా వచ్చే లక్షణమే, జలుబు లేకపోతే అదీ నోట్ చేయండి.

తర్వాత మాత్రల డబ్బా. ఇది లెక్క కాబట్టి వాదన ఉండదు. రోజుకొకటి వేసుకునే బీపీ మాత్రలు 30 తెచ్చి 18 రోజులైతే 12 మిగలాలి. 20 మిగిలితే మరుస్తున్నారు. 5 మిగిలితే వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకుంటున్నారు, ఇది ఇంకా ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర రెండుసార్లు పడితే షుగర్ 70 కంటే కిందికి పోతుంది. చెమటలు, తికమక, పొంతన లేని మాటలు వస్తాయి. ఇంట్లోవాళ్లు దాన్ని మతిమరుపు అనుకుంటారు. గందరగోళంగా ఉన్న క్షణంలోనే గ్లూకోమీటరుతో చూస్తే విషయం తేలిపోతుంది.

డబ్బు దగ్గర ఒక గుర్తు ఉంది, దాన్ని చాలామంది కనిపెట్టరు. పర్సు నిండా పది, ఇరవై నోట్లు, చిల్లర పోగుపడి ఉంటుంది. లెక్కపెట్టడం కష్టమైనవాళ్లు ప్రతి దుకాణంలోనూ 500 నోటే ఇచ్చి, ఇచ్చిన చిల్లర పర్సులో వేసుకుని వచ్చేస్తారు. 1వ తేదీన పింఛను ఇంటికొచ్చి చేతికిచ్చి వెళ్తే సాయంత్రానికి "ఈ నెల ఇయ్యలా" అంటారు. బ్యాంకు పాస్‌బుక్కులో ఒకే వారంలో మూడుసార్లు తీసిన డబ్బు కనిపిస్తుంది.

మగవాళ్లలో ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది, ఎందుకంటే ఇంటి పనులన్నీ భార్యే చూస్తుంది. అక్కడ వృత్తి దగ్గర చూడాలి. పొదిలి, కనిగిరి వైపు పొగాకు రైతు బేళ్ల తూకం, గ్రేడు వారీ రేటు నోటి లెక్కన చెప్పేవాడు, ఇప్పుడు వేలం చీటీ కొడుకు చేతిలో పెట్టి గమ్మున కూర్చుంటున్నాడు. అల్లూరు వైపు రొయ్యల గుంట ఉన్న పెద్దాయన మేత వేసి వచ్చి గంటకు మళ్లీ బస్తా విప్పుతున్నాడు. భార్యో భర్తో పోయాక హఠాత్తుగా తేడా వచ్చిందంటే చాలాసార్లు అది హఠాత్తుగా వచ్చింది కాదు. అంతవరకు రెండోవాళ్లు కప్పుకొచ్చారు. మీ ఇంట్లో కూడా బిల్లులు, బ్యాంకు పని నాన్నగారే చూసేవారా అన్నది గుర్తు తెచ్చుకుని డాక్టరుకు చెప్పండి.

మాటలో చూడాల్సింది మనుషుల పేర్లు కాదు, వస్తువుల పేర్లు. పక్కింటావిడ పేరు మరవడం అందరికీ ఉంటుంది. జల్లెడను "అదే, అది, పిండికి చేసేది" అనడం వేరు. ఇంకోటి, ఏదైనా ప్రశ్న అడగ్గానే జవాబు కోసం పక్కన ఉన్నవాళ్ల వైపు తల తిప్పడం. "మీ వయసెంతమ్మా?" అనగానే కోడలి మొహం చూస్తారు. అదొక్కటే కనిపిస్తే ఏమీ కాదు, మిగతావాటితో కలిసి ఉంటే బలమైన గుర్తు. ట్రంకు రోడ్డు నుంచి ఇంటికి ముప్పై ఏళ్లుగా నడిచిన దారిలో మలుపు తప్పితే ఇక ఆగకండి, ఆ వారంలోనే తీసుకెళ్లండి.

హఠాత్తుగా వస్తే అది వేరే సంగతి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. డిమెన్షియా సాధారణంగా నెలలు, ఏళ్ల మీద వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తికమకపడి, పొద్దున ఒకలా రాత్రి ఒకలా ఉంటే దాన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షను, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం కారణం కావచ్చు. మన వైపు ఎండాకాలంలో సోడియం పడిపోవడం కూడా బాగా గుర్తుంచుకోవాల్సిన కారణం. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్న బీపీ మాత్ర వేసుకుంటూ, ఉప్పు మానేసి, ఎండకు చెమటలు కారిస్తే సోడియం దిగిపోతుంది. బాత్రూములో జారి తలకు చిన్న దెబ్బ తగిలి, కొన్ని వారాల తర్వాత నిద్రమత్తు, తడబాటు మొదలైతే మెదడు పైన రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లలో ఈ భయం ఎక్కువ. సీటీ స్కానులో తెలుస్తుంది, సకాలంలో తీసేస్తే చాలామంది మామూలవుతారు. మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే పక్షవాతం, 108కి ఫోన్ చేయండి.

దిగులు విషయం మీ అమ్మగారికి ముఖ్యం. భర్త పోయిన తర్వాత వచ్చే డిప్రెషన్ కూడా మతిమరుపులా కనిపిస్తుంది. ఒక తేడా ఏమిటంటే, దిగులున్నవాళ్లు "నాకేం గుర్తుండటల్లేదు, నా బుర్ర పోయింది" అని తామే చెప్పుకుంటారు, అడిగితే "తెలీదు" అని వదిలేస్తారు. అల్జీమర్స్ మొదట్లో చాలామంది "నాకేం, బాగుండాను" అంటారు, బాధపడేది ఇంట్లోవాళ్లు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, తిండి తగ్గడం, ఏడుపు, "నేనెందుకింక" అనే మాట ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. రెండూ కలిసి ఉండడమూ మామూలే.

లేని పిల్లలో జంతువులో ఇంట్లో తిరుగుతున్నట్టు కనిపించడం, నిద్రలో కేకలు పెట్టి కాళ్లు చేతులు విసరడం, నడక నెమ్మదించడం ఉంటే అది లూయీ బాడీ అనే రకం డిమెన్షియా కావచ్చు. ఊళ్లో దాన్ని గాలి సోకిందంటారు. దర్గాకో గుడికో తీసుకెళ్తామంటే కాదనకండి, డాక్టరును మాత్రం ఆపకండి. ఈ రకంలో హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ఒళ్లు కట్టెలా బిగిసి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి ఈ లక్షణాలను డాక్టరుకు ముందే చెప్పాలి. 65 లోపు వయసులో, జ్ఞాపకం బాగానే ఉండి సిగ్గు, మర్యాద, కనికరం పోతే అది మెదడు ముందు భాగం జబ్బు కావచ్చు. అలాంటివాళ్లను గయ్యాళి అనో తాగుబోతు అనో అనుకుంటారు.

డాక్టరు దగ్గరికి మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. చీటీ కాదు, మాత్రలే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ, పక్కింటివాళ్లిచ్చినవీ అన్నీ. నిద్రకని వేసుకునే అల్ప్రాజోలం, క్లోనాజెపాం, నొప్పులకిచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్ ముసలివాళ్ల జ్ఞాపకాన్ని మొద్దుబారుస్తాయి. అలాగని అల్ప్రాజోలం మీరే ఒక్కసారిగా ఆపకండి, ఏళ్లుగా వాడినవాళ్లకు ఫిట్స్ రావచ్చు. డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

రక్తపరీక్షల్లో బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), సోడియం, క్రియాటినిన్ (కిడ్నీలది), కాల్షియం, షుగర్, హిమోగ్లోబిన్ ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో, గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ మింగేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. మామూలుగా మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే డాక్టరు లక్షణాలు చూసి నిర్ణయిస్తారు. రక్తం ఇవ్వకముందే బలం సూదులు వేయించకండి, అంకె పెరిగిపోయి అసలు లోపం కనపడదు. మెదడు స్కాను ఒకసారి అవసరమే, కానీ "వయసుకు తగ్గ కుంచింపు" అని రిపోర్టు వస్తే అది జబ్బు ఉందనీ కాదు, లేదనీ కాదు.

జ్ఞాపకశక్తి పరీక్ష 30 మార్కులకు పెడతారు. అందులో రాయడం, చదవడం, వందలోంచి ఏడేడు తీసేయడం ఉంటాయి. బడికి పోని మనిషి జబ్బేమీ లేకపోయినా ఇందులో తప్పుతుంది. చదువు రానివాళ్ల కోసం మన దేశంలోనే మార్చిన పరీక్షలున్నాయి, కాబట్టి అమ్మగారు ఎంతవరకు చదివారో మొదటే చెప్పండి. తేదీ అడిగితే చెప్పలేని రైతు ఇప్పుడు ఏ కార్తె నడుస్తోందో చెప్పగలడు. అమావాస్య వెళ్లిందా, ముందుందా అంటే ఆడవాళ్లు చెప్పగలరు. దీనికి తలకిందులుగా, రిటైరైన హెడ్‌మాస్టరు 28 తెచ్చుకుని కూడా ఒకప్పటి తనకంటే బాగా దిగిపోయి ఉండొచ్చు. అందుకే ఇంట్లోవాళ్లను అడిగే ఎనిమిది ప్రశ్నల పద్ధతి ఒకటి వాడతారు. గత కొన్నేళ్లలో వీటిలో మార్పు వచ్చిందా అని: నిర్ణయాలు తీసుకోవడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి, చెప్పిందే చెప్పడం, కొత్త వస్తువు వాడడం నేర్చుకోవడం, నెల సంవత్సరం గుర్తుండడం, డబ్బు లెక్కలు, వెళ్లాల్సిన చోటు గుర్తుండడం, రోజూ ఆలోచనలో ఇబ్బంది. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ "మారింది" అంటే పూర్తి పరీక్ష చేయించాలి. మీరు రాసినదాన్నిబట్టి రెండైనా ఉన్నట్టే కనిపిస్తోంది.

మీరు రాసే కాగితం ఇలా ఉండాలి: "మార్చి 4. ఉదయం 9కి గ్యాస్ వాళ్లొచ్చారా అని అడిగింది. 9:20కి, 9:45కి మళ్లీ అడిగింది. రెండేళ్ల కిందట బుకింగ్ తనే చేసేది." అంతే. "ఈ మధ్య మరిచిపోతోంది" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. కాగితాన్ని ముందే లోపలికి పంపండి, అమ్మగారి ముందు చదివి సిగ్గుపరచకండి. ఆమెకు బీపీ, షుగర్ చెకప్ అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు. కళ్లజోడు పెట్టి, టిఫిన్ తినిపించి, పొద్దుటి పూట తీసుకెళ్లండి.

న్యూరాలజిస్టు అయినా సైకియాట్రిస్టు అయినా ఇది చూస్తారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి నిమ్హాన్స్‌లో వృద్ధుల క్లినిక్కు కూడా దారిలోదే. టెలీ మానస్ 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉచితం. "మన వంశంలో లేదు" అనే మాట వినకండి. 60 దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని మన దేశంలో చేసిన పెద్ద అధ్యయనం 2023లో అంచనా వేసింది.

అల్జీమర్స్ అని తేలితే సాధారణంగా డొనెపెజిల్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలకు 10కి పెంచుతారు. జబ్బును నయం చేయదు, కొంతకాలం నిలకడ ఇస్తుంది. వికారం, విరేచనాలు, నాడి నెమ్మదించడం ఉండొచ్చు, కళ్లు తిరిగితే వెంటనే చెప్పండి. ఆస్తి, బ్యాంకు కాగితాలు ఆలస్యం చేయకండి. మీ పేరున ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆమె మతి చెడిన తర్వాత భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం చెల్లదు. వీలునామా కూడా తెలివిలో ఉన్నప్పుడు రాసిందే నిలుస్తుంది. మొదటి దశలో చాలామందికి తమకేం కావాలో స్పష్టంగా తెలుసు, ఆమెనే అడగండి.

ఇక గొలుసు. "ఎవరూ తీయలేదమ్మా" అని వాదిస్తే మీరూ దొంగల్లో కలుస్తారు. "పోయిందంటే బాధేగా, ఇద్దరం వెతుకుదాం" అనండి. దొంగల భయంతో తనే దాచి, దాచిన సంగతి మరిచి ఉండే అవకాశం ఎక్కువ. బియ్యం డబ్బా అడుగున, మడతపెట్టిన చీరల మధ్య, దేవుడి పటాల వెనక, దిండు గలీబులో చూడండి. దొరికితే "చూశావా" అని ఎత్తిచూపకండి, ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకోండి. రెండోసారి కూడా అక్కడే దాచే అవకాశం ఉంది. ఈ రోజే ఆ పనామెకు ఫోన్ చేసి, ఇది అమ్మ ఆరోగ్యం వల్ల అయ్యుండొచ్చు, నీ మీద మాకు అనుమానం లేదని చెప్పండి. రోజూ ఆ ఇంట్లోకి వెళ్లి అమ్మగారిని చూసే మనిషి ఆమె ఒక్కతే. గ్యాస్ పొయ్యి ఎన్నిసార్లు ఆపకుండా వదిలేశారో, తిన్నారో లేదో ఆమెకే తెలుసు. మీ కాగితంలో మొదటి పేజీ ఆమెను అడిగి రాయండి.